గొట్టములో నేమి ప్రవహించును?

పనిముట్టును పట్టుకొన నేర్చుటయే విద్య యను నభిప్రాయ మొకటి మన దేశమున నానాటికి ప్రబలుచున్నది. ఉలి పట్టినంత మాత్రమున నెవ్వడును శిల్పి కాడనియు, గంటము పూనినంత మాత్రమున కవి కాడనియు మన పల్లెలలోని ముదుసళ్లును ఎఱుగుదురు. ఐనను కంప్యూటరు మాట వచ్చునప్పటికి మన మా వివేకమును వీథిగుమ్మమున విడిచి లోపలికి బోవుచున్నాము. "మావాడు ఫలానా సాఫ్ట్‌వేరు నేర్చుకొన్నాడు" అని తండ్రి చెప్పుటయు, "ఇంకేమి, ఉద్యోగము చేతికి వచ్చినట్లే" అని యిరుగుపొరుగువారు సంతసించుటయు నిత్యము వినుచున్నాము. ఆ సాఫ్ట్‌వేరు దేనిని చేయుటకు బుట్టినదని యడుగువారు మాత్ర మరుదు. కర్మాగారములను రూపొందించుటకు నేడు వాడుచున్న యొక సాధనమును మేము కొంతకాలము శ్రద్ధతో నభ్యసించితిమి. ఆ యభ్యాసమున మాకు దోచిన సంగతులను చదువరులకు నివేదించుటయే యీ వ్యాసోద్దేశము.

మేము బల్ల మీద కాగితము పఱచి, సిరాకలముతో గీతలు గీసి బ్రదికిన తరమువారము. ఒక గొట్టమునకు పైనుండి చూచిన రూప మొకటి, ప్రక్కనుండి చూచిన రూప మొకటి వేఱువేఱు కాగితములపై గీయుట యానాటి పద్ధతి. ఈ రెంటిని మనస్సులో నొకటిగ గూర్చుకొనుట చూచువాని పని. పెద్ద కర్మాగారములకు ప్లాస్టిక్కుతో చిన్న నమూనాలను గట్టి, వాని చుట్టును తిరిగి చూచి తప్పులు పట్టుటయు నుండెను. 1982 లో ఆటోక్యాడ్ వెలువడి బల్లను తెరమీదికి దెచ్చినది. కాని గీత గీతగనే యుండెను. తెరమీద రెండు సమాంతర రేఖలున్నచో నవి గొట్టమో, గోడయో, కాలువయో కంప్యూటరునకు దెలియదు.

గీతకు బదులు వస్తువునే కంప్యూటరునకు దెలుపవచ్చునను తలంపు 1970 ల దశకమున గలిగినది. అమెరికాలోని కార్నెగీ మెల్లన్ విశ్వవిద్యాలయమున చార్లెస్ ఈస్ట్‌మన్ అను పండితుడు, భవనమును గీతల సంపుటిగ గాక భాగముల పట్టికగ వర్ణించు విధానము నొకదానిని ప్రతిపాదించెను. దాని సంతతియే నేడు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అనియు, పొట్టిగా బిమ్ అనియు బిలువబడుచున్నది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున ప్రభుత్వము 1967 లో స్థాపించిన క్యాడ్‌సెంటర్ అను సంస్థలో, ఆ 1970 ల దశకముననే, కర్మాగారముల గొట్టముల కొఱకు పీడీఎంఎస్ అను సాధనము పుట్టెను. ఆ సంస్థయే 2001 లో అవీవా యని పేరు మార్చుకొన్నది. ఇండ్లు మొదలగువానిని రూపొందించువారికి సుపరిచితమైన రెవిట్ 2000 లో వెలువడగా, 2002 లో దానిని ఆటోడెస్క్ సంస్థ కొన్నది. ఇండ్ల రెవిట్టు కంటె కర్మాగారముల సాధనము రెండు దశాబ్దములకు పైగా పెద్దదన్న మాట. బ్రిటిషు కేంద్రప్రభుత్వము తన నిర్మాణములకు 2016 నుండి ఈ పద్ధతిని విధించెను. 2018 లో ఐఎస్ఓ 19650 అను అంతర్జాతీయ ప్రమాణము యొక్క మొదటి రెండు భాగములు వెలువడినవి. కావున నిది నాలుగు దినములుండి పోవు వేడుక కాదు. మన పిల్లలు నేర్వవలసిన విద్యయే.

ఈ విద్యలో నసలు బలము బొమ్మయందు లేదు, ఇన్ఫర్మేషన్ అను మాటయందున్నది. ఒక చిన్న యుదాహరణము చూడుడు. ఆరంగుళముల గొట్టమని వ్యవహారము. ఆరంగుళములనగా 152.4 మిల్లీమీటర్లు. ఆ గొట్టపు బయటి వ్యాసము 168.3 మిల్లీమీటర్లు, షెడ్యూల్ 40 అను తరగతిలో దాని గోడ మందము 7.11, లోపలి వ్యాసము సుమారు 154. చెప్పిన యాఱంగుళములు ఆ గొట్టమున నెచ్చటను లేవు! పేరు వేఱు, వస్తువు వేఱు. మోడలులో నీ గొట్టమును బెట్టినప్పుడు దాని వ్యాసమును, మందమును, లోహమును, అది యోర్చుకొనగల యొత్తిడియు, దానికి దగిన ఫ్లాంజియు, వాల్వును అన్నియు దానితోడనే వచ్చును. ఈ సమాచారమంతయు ముందుగ నొక గ్రంథమువలె కూర్పబడియుండును. దానిని స్పెసిఫికేషను అందురు. అది సరిగ నున్నచో మోడలు సరిగ నుండును. అది తప్పైనచో, మోడలు మిక్కిలి యందముగ తప్పు చెప్పును.

ఇక మా చదువు సంగతి. హైదరాబాదులోని అమీరుపేట యిట్టి శిక్షణాలయములకు బేరు పడిన చోటు. శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వఱకు గల జిల్లాల పిల్లలు హాస్టళ్లలో గది యద్దెకు దీసికొని, ఇంటినుండి వచ్చిన సొమ్ముతో నచ్చట నేర్చుకొనుచుందురు. మేమును అట్టి యొక శిక్షణాలయమున జేరితిమి. తలలు నల్లనివారి నడుమ తలనెరసినవారము మేమొక్కరమే. బోధకుడు చిన్నవాడు, ఓర్పుగలవాడు. తనకు దెలిసినదానిని దాచుకొనక చెప్పువాడు. మొదటి దినమున తెరమీది గుర్తులు, రెండవ వారమున పంపులు తొట్లు నిలుపుట, మూడవ వారమున గొట్టములు పఱచుట, తరువాత వానిని మోయు నినుప చట్రములు, కడపట తాకిడులు వెదకుట, ఇట్లు పాఠక్రమము. తాను కర్మాగారమును లోపలినుండి యెన్నడును జూడలేదని యాతడే మాతో దాపఱికము లేక చెప్పెను. అది యాతని దోషము కాదు. ఆతనికి జెప్పినవాడును జూచియుండడు.

మా ప్రక్క బల్లయొద్ద శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన పిల్ల యొకతె గూర్చుండెడిది. పాలిటెక్నిక్కులో మెకానికల్ డిప్లొమా ముగించినది. చేయి మాకంటె నాలుగు రెట్లు చుఱుకు. ఒకనాడు తొట్టినుండి పంపునకు గొట్టము వేయు నభ్యాసము నిచ్చిరి. అందఱికంటె ముందుగ ముగించి, "చూడండి బాబాయిగారూ, ఎక్కడా ఎఱుపు రాలేదు. నా మోడల్లో ఒక్క తాకిడీ లేదు!" అని మురియుచు జూపినది. చూచితిమి. గొట్టము తీరుగ నున్నది. వాల్వు మాత్రము నేలకు మూడు మీటర్ల యెత్తున నున్నది.

"చాలా బాగున్నదమ్మా. ఆ వాల్వును త్రిప్పేవాడెవడు?" అంటిమి.

"ఆపరేటరండి."

"అతని పొడ వెంత?"

పిల్ల నవ్వినది, మఱుక్షణమున నవ్వు మాని తెరవంక చూచినది. "నిచ్చెన పెట్టాలంటే స్ట్రక్చర్ పాఠం వచ్చేదాకా ఆగాలండి," అనుచునే గొట్టమును క్రిందికి దింపి, వాల్వును రొమ్మెత్తున నిలిపినది. పిమ్మట తనంతట తానే బోధకుని, "సార్, ఇందులో ఏం పారుతుందండీ?" అని యడిగినది. ఆతడొక నిమిషము తటపటాయించి, "వాటర్ అనుకోండి" యనెను.

ఆ "అనుకోండి" యను మాటయొద్దనే ఈ విద్యలోని చిక్కంతయు గలదు. సాధనమునకు న్యాయము చేయక మాటలాడుట తగదు కనుక, అది చేయగల మేలును ముందుగ జెప్పెదము. ఇనుప దూలమును గొట్టము చీల్చుకొని పోవుచున్నచో తెరమీదనే పట్టియిచ్చును. పూర్వ మట్టి తప్పులు గొట్టము పైకెత్తిన నాడుగాని బయటపడెడివి కావు. అప్పుడు కోయుట, మరల అతుకుట, పనివాండ్రు చేతులు ముడుచుకొని కూర్చుండుట తప్పెడిది కాదు. పనివాడు చేతబట్టుకొను ఐసోమెట్రిక్ చిత్రములను మోడలునుండియే తీసి యిచ్చును. ఎన్ని మీటర్ల గొట్టము, ఎన్ని వంపులు, ఎన్ని బోల్టులు గావలయునో లెక్క గట్టి యిచ్చును. మా తరమువారము రాత్రులు మేలుకొని చేసిన లెక్కలవి. ఆ శ్రమ తప్పినందులకు మాకు సంతోషమే గాని విచారము లేదు.

కాని యా సాధనము చూడనివి కొన్ని కలవు. గొట్టము చల్లగ నున్నప్పటి రూపమునే అది చూపును. ఉక్కు వేడెక్కిన సాగును. నూఱు డిగ్రీల సెంటీగ్రేడునకు మీటరు పొడవున సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఏబది మీటర్ల తిన్నని గొట్టము 30 డిగ్రీలనుండి 230 డిగ్రీలకు వేడెక్కినచో 120 మిల్లీమీటర్లు సాగును. అనగా జానెడు కాకున్నను బెత్తెడున్నర. తెరమీద ప్రక్కదూలమునకు నూఱు మిల్లీమీటర్ల దూరమున నిశ్చింతగ నున్న వంపు, పని మొదలైననాడు దానిని బోయి గ్రుద్దును. రెండు కొనలను బిగగట్టినచో పంపు మెడనే విఱుచును. అందులకే తెలిసినవారు నడుమ నొక వంకీ పెట్టి గొట్టమునకు ఊపిరి యాడనిత్తురు. ఇట్టి యొత్తిడులను లెక్కించుటకు వేఱు సాధనములు కలవు. కాని లెక్క యవసరమని తెలిసినవాడే కదా వానిని తెఱచును!

మఱియొకటి. మట్టముగ వచ్చు పెద్దగొట్టమును పంపు నోటికి దగినట్లు సన్నము చేయుటకు ఎక్సెంట్రిక్ రెడ్యూసరను ముక్కను పెట్టుదురు. దానికొక ప్రక్క చదును, ఒక ప్రక్క వాలు. చదునైన ప్రక్క పైకి నుండవలయును. క్రిందికి బెట్టినచో పైభాగమున గాలి బుడగ చేరి, పంపు నీటికి బదులు గాలిని మ్రింగి తల్లడిల్లును. సాధనము రెండు విధములను సమానముగ నంగీకరించును; ఎటు బెట్టినను ఎఱ్ఱరంగు రాదు. పంపు ప్రక్కన నిలిచి, అది కంకర నమలినట్లు చేయు చప్పుడును ఒక్కమాఱు విన్నవాడు, ఆ ముక్కను తలక్రిందుగ జన్మలో బెట్టడు.

ఇవి యన్నియు చిన్న సంగతులని చదువరులు తలంపవచ్చును. చిన్న సంగతులు పెద్ద శ్మశానముల నెట్లు నింపునో చూపుటకు నొక వృత్తాంతము చెప్పెదము. ఇంగ్లండులో ఫ్లిక్స్‌బరో అను చోట నైలాను తయారీకి గావలసిన సరకును జేయు కర్మాగార ముండెను. ఆరు పెద్ద పాత్రలు మెట్లవలె వరుసగ నుండి, వేడి సైక్లోహెక్సేను ఒకదానినుండి యొకదానిలోనికి ప్రవహించుచుండెను. 1974 మార్చి నెల కడపట అయిదవ పాత్రకు బీట కనబడినది. దానిని తొలగించి, నాలుగవ యాఱవ పాత్రల నడుమ తాత్కాలికముగ నొక గొట్టమును గట్టిరి. పాత్రల నోళ్లు 28 అంగుళములవి. దొరికిన గొట్టము 20 అంగుళములది. రెండు పాత్రలును ఒకే యెత్తున లేవు కనుక దానిని రెండు చోట్ల వంచవలసి వచ్చెను. కొనలయందు సాగు బెల్లోసులుండెను. ఇంత ప్రమాదకరమైన పనికి గీసిన చిత్ర మేది యనుకొంటిరి? కార్ఖానా నేలమీద సుద్దముక్కతో గీసిన బొమ్మ! వంపుగల గొట్టముపై లోపలి యొత్తిడి యెటు త్రోయునో యెవరును లెక్క చూడలేదు. ఆ సమయమున కర్మాగారపు ఇంజనీరు పదవి ఖాళీగ నుండెను. జూను 1 వ తేదీ శనివారము సాయంకాలమున నా గొట్టము తెగిపోయి, వెలువడిన యావిరి మేఘమై యంటుకొని, 28 మంది మృతినొందిరి. పనిదిన మైయున్నచో నింక నెందఱు పోయెడివారో!

ఈ కథను మేము చెప్పగా మా తరగతిలోని యొక యువకుడు, "అప్పు డీ సాఫ్ట్‌వేరు లేదు కదండీ" యనెను. ఆ మాట మమ్ము కలవరపెట్టినది. నేటి సాధనముతో నట్టి గొట్టమును అఱగంటలో వేయవచ్చును. నేలమీది సుద్దగీతకు బదులు రంగురంగుల రూపము, కొలతలతో ఐసోమెట్రిక్ చిత్రము, బోల్టుల లెక్కతో సహా వచ్చును. తాకిడి లేదని ధ్రువపత్రమును వచ్చును. "లోపల నేమున్నది? ఎంత వేడి? ఎటు త్రోయును?" అని యెవరును అడుగనిచో, అది మంచిబట్టలు కట్టుకొన్న సుద్దబొమ్మయే. సుద్దబొమ్మను జూచినవానికి అనుమానమైన గలుగును. ఈ సొగసైన బొమ్మను జూచినవానికి నమ్మకము గలుగును. అదియే యెక్కువ భయంకరము.

దూరదేశపు పాతకథ యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. 2020 మే 7 వ తేదీ తెల్లవాఱుజామున విశాఖపట్టణ ప్రాంతమున ఆర్.ఆర్. వెంకటాపురము వద్ద తొట్టినుండి స్టైరీను ఆవిరి వెడలి, నిద్రలోనున్న గ్రామముపై బడి 12 మందిని బొట్టన బెట్టుకొన్నది. తొట్టి యడుగున మాత్రమే వేడిమిని గొలుచు ఏర్పాటుండెననియు, మీది పొరల వేడిమి తెలియు మార్గము లేకుండెననియు రాష్ట్రప్రభుత్వము నియమించిన యున్నతాధికార సంఘము దెల్పెను. ఉష్ణమాపకము మోడలులో గోరంత వస్తువు. అది యొక్కటి చాలునా, మూడు మట్టములయందు మూడు గావలయునా యను ప్రశ్నకు ఏ సాఫ్ట్‌వేరును ఉత్తరము చెప్పదు. స్టైరీను తనంత తానే గట్టిపడుచు వేడి బుట్టించుకొనునని యెఱిగినవాడు చెప్పవలయును.

ఇచ్చట మాపై నొక యాక్షేపణ రాగలదు. "పిల్లలు అప్పు చేసి వచ్చినారు, మూడు నెలలలో నుద్యోగము గావలయును. ఉద్యోగ మిచ్చువారు సాఫ్ట్‌వేరు పేరే అడుగుచున్నారు గాని గొట్టములో నేమి పాఱునని యడుగుట లేదు. మీరు చెప్పు చదువునకు గాలమేది?" అని. ఈ యాక్షేపణలో నిజము కలదు. పేదయింటి పిల్లను పట్టుకొని, "ముందు శాస్త్ర మంతయు జదివి రమ్ము" అని ధర్మోపన్యాసము చేయుట కడుపు నిండినవాని మాట. కాని మీట నొక్కుట మాత్రమే నేర్చినవాని గతి యేమగునో కూడ యోచింపవలయును. ఎవడో గీసిన చిత్రమును జూచి మోడలు చేయుటయే యాతని పని. ప్రశ్న లేదు, తీర్పు లేదు, కావున జీతమున బెరుగుదలయు లేదు. సాధనముల పేర్లు మాఱుచుండును. మాఱినప్పుడెల్ల నాతడు మరల రుసుము చెల్లించి మొదటి బల్లయొద్ద కూర్చుండవలసినవాడే. ఆవిరి గొట్టము వాలుగ నేల యుండవలయునో తెలిసినవానికి ఏ సాధనమైనను కొన్ని వారముల పని. నేర్చినదానిలో పాతబడునది యేదో, పాతబడనిది యేదో పిల్లలకు ముందుగ జెప్పకుండ సొమ్ము పుచ్చుకొనుట న్యాయముగ దోపదు.

మేము గోరునది కొండమీది కోతి కాదు. మొదటి వారమున కంప్యూటరును దెఱవక, కర్మాగారపు ప్రవాహచిత్రమును, అనగా పీ అండ్ ఐడీ యను కాగితమును చదువుట నేర్పవలయును. అందులో ఏ ద్రవము ఎచ్చటినుండి యెచ్చటికి బోవునో, ఎచ్చట కొలువబడునో, ఎచ్చట నాపబడునో వ్రాసియుండును. మోడలు దానికి శరీరము మాత్రమే. రెండవది, ఒక్కదినమైన చక్కెర మిల్లునో, పాలకేంద్రమునో, బాయిలరు గల యే చిన్న కార్ఖానానో చూపవలయును. గోదావరి జిల్లాల యుప్పుడు బియ్యపు మిల్లులలో నావిరి గొట్టములకు గొదవ లేదు. అచ్చటి ఫిట్టరును గురువుగ భావించి, "ఈ వాల్వుతో నీకేమి కష్టము?" అని యడుగ నేర్పవలయును. ఆతడు చెప్పునది యే పుస్తకమునను దొరకదు. మూడవది, ప్రతి యభ్యాసమునందును ద్రవము పేరు, వేడిమి, ఒత్తిడి వ్రాసి యియ్యవలయును. "వాటర్ అనుకోండి" యను మాటను తరగతినుండి బహిష్కరింపవలయును.

నాల్గవది భాష. ఇంగ్లీషు కాగితములు చదువవలసినదే. కాని భావమును గ్రహించుట తెలుగున జరుగవలయును. 1906 లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, శాస్త్రములను తెనుగున వ్రాయించి పల్లెలకు బంపిరి. ఇప్పుడు తెలుగున సాఫ్ట్‌వేరు పాఠములు కుప్పలుగ దొరకుచున్నవి. కాని "ఈ మీట నొక్కుడు, ఆ మీట నొక్కుడు" అని చెప్పునవే వానిలో హెచ్చు. గొట్టము వేడెక్కిన నేమగునో, పంపునకు గాలి యేల పనికిరాదో తేటతెలుగున జెప్పు చిన్న పుస్తకము పది రూపాయల కాగితముపై నచ్చువేసినను అది దేశసేవయే. పాలిటెక్నిక్కు బోధకులును, పదవీవిరమణ చేసిన ఇంజనీరులును ఈ పనికి బూనుకొనవలయునని ప్రార్థించుచున్నాము. వారియొద్దనున్న జ్ఞానము వారితోనే కాటికి బోవుట కంటె దారిద్ర్యము వేఱొకటి లేదు.

శ్రీకాకుళపు పిల్ల శిక్షణ ముగియు నాటికి మోడలులో ప్రతి వాల్వు ప్రక్కను ఒక మనుష్యాకృతిని నిలుపుట యలవాటు చేసికొన్నది. సాధనములో నట్టి బొమ్మ సిద్ధముగనే కలదు. దాని నెవ్వరును వాడకుండిరి. ఆ బొమ్మ చేయి చాచిన వాల్వు అందునా, తల దూలమునకు దగులునా, గొట్టము పగిలినచో పాఱిపోవుటకు దారి కలదా యని యామె చూచుచుండెను. బోధకుడు దానిని మెచ్చుకొని, తరువాతి తరగతి పాఠక్రమమున జేర్చెను. చెప్పినచో వినువారు కలరనుటకు మాకిది నిదర్శనము.

పిల్లలను శిక్షణకు బంపు తల్లిదండ్రులకు మా విన్నపమొకటి. రుసుము చెల్లించుటకు ముందు శిక్షణాలయము వారిని, ఎన్ని సాఫ్ట్‌వేరులు నేర్పెదరని యడుగకుడు. మీ బోధకు డెప్పుడైన కర్మాగారములో నడుగు పెట్టెనా యనియు, మా పిల్ల వేయు గొట్టములో నేమి ప్రవహించునో చెప్పెదరా యనియు నడుగుడు. ఉత్తరము రాకున్నచో సొమ్మును కొంగున మరల ముడివైచికొని, ప్రక్క మేడ యెక్కుడు.